ఉరుము వినబడితే...

దివ్యఖుర్ఆన్‌లో 13వ సూరా పేరు 'రఅద్', అంటే ఉరుము. మెరుపులో భయమూ, ఆశా రెండూ ఉన్నాయని అల్లాహ్ అందులో తెలియజేశాడు. రైతు కుటుంబాలకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

వేసవి మధ్యాహ్నం నేల కాగి, తేమ నిండిన వేడిగాలి పైకి లేస్తుంది. చల్లబడి కొండంత మేఘమవుతుంది. లోపల మంచు పలుకులు ఒరుసుకుని విద్యుత్తు పుడుతుంది. ఒంటరి మేఘమైతే సాధారణంగా గంటలోపే చల్లారుతుంది. మేఘాలు బారులు తీరితే మాత్రం గంటల తరబడి ఈదురుగాలులతో ఊళ్ళు దాటిపోతాయి.

"రాసి ఉంటే ఎక్కడున్నా చావు తప్పదు" అంటూ చెట్టు కిందే నిలబడేవారున్నారు. అది తవక్కుల్ కాదు. ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని కదా దైవప్రవక్త (స) బోధించింది! ఉరుము వినబడిందంటే పిడుగు మీ దాకా రాగలదు. వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్ళండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా పిల్లల్ని బయటికి పంపకండి.