ఉపకోసలుడి అన్నం

ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలో ఉపకోసలుడనే విద్యార్థి ఒకడు వస్తాడు. నాకు బాగా దగ్గరివాడు. సత్యకామ జాబాలుడి దగ్గర పన్నెండేళ్లు ఉండి, రోజూ గురువుగారి అగ్నులను చూసుకున్నాడు. తోటివాళ్లందరికీ గురువు సమావర్తనం చేసి, చదువు పూర్తయిందని ఇళ్లకు పంపేశాడు. ఇతన్నొక్కడినే పంపలేదు. ఎందుకో ఉపనిషత్తు చెప్పదు. పనిలో లోపం మాత్రం కాదు. పిల్లవాడు అగ్నులను బాగా కొలిచాడని, విద్య చెప్పమని గురుపత్నే భర్తతో వాదిస్తుంది. ఆయన వినడు, ఏమీ చెప్పకుండానే ఊరు వెళ్లిపోతాడు. ఉపకోసలుడు అన్నం మానేస్తాడు.

ఈ కథ హైదరాబాద్ దోమలగూడ రామకృష్ణ మఠంలో కొన్న పుస్తకంలో చదివాను. అశోక్‌నగర్‌లో మా లేడీస్ హాస్టల్ నుంచి మఠానికి నడిచి పోవచ్చు. పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో పాలిటీ, ఎకానమీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర. రాత్రి నిద్ర పట్టకపోతే ఉపనిషత్తు. ముప్పై దాటాను, గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. నాతో ఇంటర్ చదివినవాళ్లలో ఒకామె డల్లాస్‌లో ఇల్లు కొన్నది, ఇంకొకామె కొడుకు ఒకటో తరగతికి వచ్చాడు. "నీ తోటిది పిల్లను బడిల ఏసింది బిడ్డా" అని అమ్మ ఫోన్‌లో అంటుంది. దెప్పడానికి కాదు, ఆమెకు తెలిసిన వార్త అదే.

ఏ వయసుకు ఏది జరగాలో పెద్దలు ముందే చెప్పారంటారు. పాతికేళ్ల దాకా చదువు, పాతికేళ్లు సంసారం, ఆ తరువాత వానప్రస్థం, సన్యాసం. నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ తొలి ధర్మసూత్రాల్లో ఆశ్రమాలు ఒకదాని తరువాత ఒకటి ఎక్కే మెట్లు కావు, చదువయ్యాక మనిషి తనకు నచ్చినది ఎంచుకోదగిన నాలుగు బతుకులు. పాట్రిక్ ఒలివెల్ 1993లో ఆశ్రమ వ్యవస్థ మీద రాసిన పుస్తకంలో దీన్ని వివరంగా చూపించాడు. వరుస కట్టింది ఆ తరువాతివాళ్లు. తెలుగునాట ఎన్నో కుటుంబాలు పాటించే ఆపస్తంబుడి సూత్రాల్లో బ్రహ్మచర్యం 48 ఏళ్లు, లేదా 36, లేదా 24, తక్కువలో తక్కువ 12. ఎనిమిదో ఏట ఉపనయనమై 36 ఏళ్లు చదివినవాడికి 44 వస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2022లో ఉద్యోగాల గరిష్ఠ వయోపరిమితిని 44కు పెంచింది, 2024లో 46 చేసింది. ఆపస్తంబుడికీ సర్కారుకూ అభ్యంతరం లేదు, చుట్టాలకే ఉంది.

ఈ లెక్కలన్నీ మగపిల్లలవని తెలుసు. ఆడపిల్ల విషయంలో ఆ గ్రంథాలు కూడా తొందరపడ్డవే. నాకు వాటి అనుమతి అక్కర్లేదు. తొందర అనాదిగా వస్తున్న ధర్మమేమీ కాదని తెలిస్తే చాలు.

ఓదార్చేవాళ్లకు కొదవ లేదు. ఫలానా ఆయన నలభైలో గెలిచాడు, ఫలానా ఆమె యాభైలో మొదలుపెట్టింది అని జాబితా చదువుతారు. అది నన్ను మళ్లీ ఆ పందెంలోనే నిలబెట్టి, గీతను మాత్రం కొంచెం దూరం జరుపుతుంది. ఫలం ఆశించకుండా పని చేయమన్న భగవద్గీత మాట ఉద్యోగం వచ్చినవాళ్ల నోటే ఎక్కువ వింటాను. ఇంకొందరు "రాసిపెట్టి ఉండాలె" అంటారు. పోయిన జన్మలో నేనేం చేశానో నాకు తెలియదు, చెప్పేవాళ్లకూ తెలియదు. తెలియని తప్పుకు శిక్ష ఒప్పుకోమనడం ఏ ధర్మం?

అసలు కష్టం మాత్సర్యం. అరిషడ్వర్గంలో ఆఖరుది, బయటికి చెప్పుకోలేనిది. నా పక్క మంచం అమ్మాయికి గ్రూప్-4 వచ్చిన రోజు నాకింకా గుర్తుంది. ఇద్దరం ఆమె ఫోన్ మీదే పీడీఎఫ్ తెరిచాం. అన్నీ హాల్‌టికెట్ నంబర్లే, పేర్లుండవు. వేళ్లతో పెద్దది చేసుకుంటూ కిందికి జరిపాం. ఆమె నంబరు దొరికింది. తరువాత నాది వెతికాం. నా నంబరుకు ముందుది ఉంది, తరువాతది ఉంది. ఆమె కాసేపు సంతోషపడటానికి జంకింది. నేనే కిందికి పోయి పాలకోవా తెచ్చి నోట్లో పెట్టాను. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను, కొంత ఆమె కోసం, కొంత నా కోసం. మంచి జరిగినవాళ్లను చూసి సంతోషించడాన్ని బౌద్ధులు ముదిత అంటారు, దాన్నొక ధ్యాన సాధనగా చెబుతారు. ముదిత వస్తే మాత్సర్యం పోతుందని అనుకుంటారు. ఆ సాయంత్రం రెండూ ఒకే మంచం మీద కూర్చున్నాయి. రెండోది ఉంది కాబట్టి మొదటిది దొంగదని నేను ఒప్పుకోను.

ఉపకోసలుడి దగ్గరికి వస్తాను. తినవయ్యా అని గురుపత్ని అడిగితే, మనసు నానా కోరికలతో నలుదిక్కులా పరుగెడుతోందని, ఒళ్లంతా వ్యాధులతో నిండిపోయిందని, తిననని అంటాడు. ఉపనిషత్తు అతన్ని మందలించదు. బ్రహ్మచారివై ఉండి ఇదేమిటనదు. అప్పుడు అగ్నులు తమలో తాము మాట్లాడుకుంటాయి, మనల్ని ఇంత బాగా చూసుకున్నాడు, మనమే చెబుదామని. ప్రాణం బ్రహ్మమని, సుఖం, ఆకాశం బ్రహ్మమని చెబుతాయి. ఎక్కడినుంచో దిగివచ్చిన దేవతలు కావవి. పన్నెండేళ్లుగా అతను రోజూ చూసుకున్నవే. వృథా అయిపోయాయని ఏ ఏళ్ల గురించి అన్నం మానేశాడో, ఆ ఏళ్ల పనే నోరు తెరిచింది.

అయితే అగ్నులు ఇంకో మాట కూడా అంటాయి: గతి ఏమిటో మీ ఆచార్యుడే చెబుతాడని. అంటే గురువు ఇవ్వవలసింది గురువే ఇవ్వాలి. అందుకే ఈ కథ నాకు నమ్మకం కలిగిస్తుంది. నా ఏళ్ల పనీ అప్పుడప్పుడు నోరు తెరుస్తుంది. బతుకమ్మకు ఊరికి పోతే వాకిట్లో నలుగురు కాగితాలు పట్టుకొని వస్తారు. పాస్‌బుక్‌లో విస్తీర్ణం తప్పు పడిన ముసలాయనకు తహసీల్దారుకు అర్జీ రాసిస్తాను. సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబు రావాలని, రాకపోతే అప్పీలు ఉందని చెబుతాను. పరీక్ష కోసం చదివిందే ఇది, ఏ నియామక పత్రమూ లేకుండానే పనికొస్తోంది. అలాగని దీన్ని ఉద్యోగానికి బదులు అనను. నాన్నకు పత్తి మీద అప్పుంది. ఉద్యోగం కావాలి.

సత్యకాముడు తిరిగి వచ్చి, శిష్యుడి ముఖంలో వెలుగు చూసి, నీకెవరు చెప్పారని అడుగుతాడు. మిగిలింది తానే బోధిస్తాడు. ఆయనా ఒకప్పుడు బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను తోలుకుపోయి, అవి వెయ్యి అయ్యేదాకా రానివాడే. ఎదురుచూపు ఎంత బరువో తెలిసినవాడు ఇంకొకడి చేత ఎందుకు మోయించాడో నాకు అర్థం కాదు. ఆయన్ను నేనింకా క్షమించలేదు.

ఆ కథలో గురుపత్నికి పేరు లేదు. పిల్లవాడి పక్షాన పెద్దమనిషితో వాదించింది, అతన్ని అన్నం తినమంది. మీ ఇంట్లోనూ ఫలితాల కోసం ఎదురుచూస్తున్న కొడుకో కూతురో ఉంటే ఈ రాత్రి ఫోన్ చేయండి. రిజల్ట్ ఎప్పుడని అడగకండి. తిన్నావా అని అడగండి, ఏం కూర అని కూడా అడగండి.