పరీక్షింపక పలికిన నిజము

ధ్యానమునకు: ద్వితీయోపదేశకాండము 13:14

విచారింపకయే మనము చెప్పిన మాట తరువాత నిజమని తేలినయెడల, చెప్పిన దినమున మనము సత్యము పలికినవారమగుదుమా? గణితశాస్త్రములోని ఒక సంగతి ఈ ప్రశ్నను మన యెదుట ఉంచుచున్నది.

ఒకటిచేతను తనచేతను తప్ప మరి దేనిచేతను శేషములేక భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య అందురు. 7 అట్టిది, 9 కాదు, 3 దానిని భాగించును. 1644లో మెర్సెన్ అను ఫ్రెంచి సన్న్యాసి ఒక పట్టిక ప్రకటించెను. 127 రెండులను ఒకదానితో ఒకటి గుణించి, వచ్చిన ఫలమునుండి 1 తీసివేసినచో

170141183460469231731687303715884105727

అను 39 అంకెల సంఖ్య వచ్చును. ఇది ప్రధాన సంఖ్యయని ఆయన చెప్పెను. 67 రెండులతోను, 257 రెండులతోను వచ్చువాటినిగూర్చియు అదే ధైర్యముతో అదే మాట చెప్పెను. 15, 20 అంకెల సంఖ్యను పరీక్షించుటకే కాలమంతయు చాలదని ఒప్పుకొనినవాడును ఆయనయే!

232 సంవత్సరములు గడచెను. 1876లో ఎదువార్ ల్యూకా అను ఫ్రెంచి ఉపాధ్యాయుడు క్రొత్త మార్గము కనుగొనెను. ఒక చిన్న సంఖ్యను వర్గముచేసి, 2 తీసివేసి, పరీక్షింపవలసిన పెద్ద సంఖ్యచే భాగించి, మిగిలిన శేషమును మరల వర్గము చేయవలెను. 127 విషయములో ఇట్లు నూటికి పైగా మారులు చేయవలెను. కడపట శేషము సున్న వచ్చినయెడల అది ప్రధాన సంఖ్య. 127 ఆ పరీక్షలో నిలిచెను. 67 నిలువలేదు. దాని రెండు భాజకములను 1903లో అమెరికాలో కోల్ అనునాయన చూపెను. అందుకు మూడేండ్ల ఆదివారములు పట్టెనని ఆయన చెప్పినట్లు ఒక కథ కలదు. (ఆదివారములను అట్లు గడుపుడని మేము చెప్పము.) తరువాత 257యు తప్పని తేలెను.

ఇప్పుడు 127 సంగతి చూడుడు. ఆయన మాట నిజమే. కాని ఆ మాటకును 67నుగూర్చిన మాటకును ఆయన హృదయములో భేదమేమియు లేదు. ఒకటి నిజమగుట ఆ సంఖ్యయొక్క గుణమేగాని చెప్పినవాని గుణము కాదు. ఆయనకు ఏదో సూత్రము తోచియుండవచ్చును అనువారు కలరు. తోచినదని వ్రాసియుండిన చాలును.

మన సంఘములలో ఒక సహోదరుడు చందా సొమ్ము వాడుకొనెనని వినుదుము, నలుగురితో చెప్పుదుము. లెక్కలు చూడగా అది నిజమే యగును. “మేము అప్పుడే చెప్పలేదా?” అని సంతోషింతుము. మరియొకనిగూర్చి అదే నోటితో చెప్పినది అబద్ధమని తేలినప్పుడు మాత్రము తల వంచుకొందుము. మొదటి మాటకును మనము పశ్చాత్తాపపడవలెనని మాకు తోచుచున్నది. ఒక పట్టణమంతయు దేవుని విడిచెనని వినవచ్చినప్పుడు సహితము, బాగుగా శోధించి విచారింపుమనియే ధర్మశాస్త్రము విధించెను. ఆ పట్టణము నిజముగా దోషియే అయియుండవచ్చును. అయినను విచారణ తప్పదు.

ల్యూకా అనునది సువార్తికుడైన లూకా పేరే. ఆ సువార్తికుడును సమస్తమును మొదటినుండి తరచి తెలిసికొనిన పిమ్మటనే కలము పట్టినట్లు తన మొదటి అధ్యాయము 3వ వచనములో థెయొఫిలాకు తెలియజేసెను.