సులువైన చికిత్స - మన బాధ్యత



గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మన పెద్దలు అంటారు. గుండె, రక్తనాళాల వైద్యం ఇప్పుడు ఈ సామెత బాటలోనే నడుస్తున్నది. ఒకప్పుడు గుండె రక్తనాళం పూడుకుపోతే రొమ్ము ఎముక కోసి ఆపరేషను చేయవలసి వచ్చేది. ఇవాళ చాలామందికి మణికట్టు దగ్గరో గజ్జ దగ్గరో చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టాన్ని గుండె దాకా పంపి, బెలూనుతో నాళాన్ని వెడల్పు చేసి స్టెంటు అమరుస్తున్నారు. కాళ్లలో ఉబ్బిన సిరలను లేజరు వేడితో లోపలినుంచే మూసివేస్తున్నారు. అలాంటి రోగి సాధారణంగా ఆ రోజే నడిచి ఇంటికి వెళ్తాడు. స్టెంటు వేసినవారిలో కూడా కొందరిని అదే రోజు పంపిస్తున్నారు. వాలుగ చేప దవడతో పత్తిని ఏకే పొందూరు వారికి, సున్నితమైన పనికి సున్నితమైన సాధనం కావాలని వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. వైద్యం సులువైతే దాన్ని చేయించుకోవలసిన బాధ్యత పెరుగుతుందా? వద్దనే హక్కు మనకు ఇంకా ఉంటుందా?

తిరుసభ పండితులు ఈ విషయాన్ని మత్తుమందు లేని రోజుల్లోనే ఆలోచించారు. ప్రాణం దేవుని వరం గనుక దాన్ని కాపాడుకోవడం మన విధి. అయినా 16వ శతాబ్దపు స్పెయిను దేశ దొమినికన్ గురువు దొమింగో దె సోతో, ప్రాణం నిలుపుకోవడానికైనా సరే, కాలు కోయించుకునేటంత ఘోరమైన బాధ భరించి తీరాలని ఎవరినీ నిర్బంధించరాదని బోధించాడు. 1957 నవంబరు 24న 12వ పయస్ పోపుగారు మత్తువైద్య నిపుణులతో మాట్లాడుతూ ఈ బోధనకు స్పష్టత ఇచ్చారు. సాధారణ మార్గాలను వాడుకోవడం మన బాధ్యత. తనకుగాని ఇతరులకుగాని పెనుభారమయ్యే మార్గాలను వాడి తీరాలన్న నియమం లేదు. ఏది సాధారణమన్నది మనిషినీ చోటునూ కాలాన్నీ బట్టి మారుతుందని కూడా ఆయన చెప్పారు.

కాలం తెచ్చిన ఆ మార్పు 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో కనబడింది. 82 ఏళ్ల వృద్ధురాలి కాలికి రక్తం అందక కుళ్లు పట్టింది. కాలు తీసివేయాలంటే ఆమె ఒప్పుకోలేదు. డాక్టరు చార్లెస్ డాటర్ సన్నని గొట్టాలతో ఆమె తొడలోని నాళాన్ని తెరిచాడు. కాలు దక్కింది. ఆమె ఆపరేషను వద్దన్నప్పుడు సోతో ఆమెను తప్పుపట్టడు. కాని ఈ రెండవ మార్గం ముందుంచినప్పుడు కూడా అంతే తేలికగా వద్దనగలమా? భారం తగ్గినకొద్దీ వద్దనడానికి ఉన్న కారణమూ తగ్గుతుంది. "కోతలయ్యాక చూద్దాం" అని ఛాతీనొప్పిని దాచుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. గుండెపోటులో ప్రతి నిమిషమూ విలువైనదే.

అలాగని సులువైనదల్లా అవసరమైనది కాదు. నిలకడగా ఉన్న గుండెజబ్బులో, మంచి మందులతోపాటు ముందుగానే స్టెంటో బైపాసో చేసినంత మాత్రాన మరణాలు తగ్గలేదని 2020లో వెలువడిన ఇస్కీమియా అనే అంతర్జాతీయ పరిశోధన తెలిపింది. నొప్పి ఉన్నవారికి మాత్రం ఉపశమనం కలిగింది. కాబట్టి "ఇది ప్రాణం నిలపడానికా, నొప్పి తగ్గడానికా? మందులతో సరిపోతుందా?" అని డాక్టరుగారిని అడగండి. సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం వైద్యుని గౌరవించమంటుంది. వినయంగా అడిగే ప్రశ్న ఆ గౌరవానికి లోటు కాదు.

ఇక అసలు చిక్కు మన ఇళ్లలోనే ఉంది. "ఈ వయసులో నాకెందుకు, పిల్లలకు ఖర్చు" అని ఒక తల్లి అంటుంది. ఆ మాట ఆమె మనసులోనిదా, మన మొహాలు చూసి అన్నదా? 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు గుండె చికిత్సను దగ్గర చేసింది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మందుపూత స్టెంటు ధరకు 29,600 రూపాయల హద్దు పెట్టింది. అయినా శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లిరావడం, కూలి పోగొట్టుకోవడం, తోడు మనిషిని వెతుక్కోవడం పేద ఇంటికి భారమే. పెనుభారమైతే వద్దనే హక్కు రోగికి ఉంది. కాని ఆ భారాన్ని తగ్గించగలిగి కూడా తగ్గించని పొరుగువాడు ఆమె నిర్ణయంలో పాలుపంచుకున్నట్టే. ఆమెకు ధైర్యం చెప్పే ముందు ఆమెతో రైలెక్కే మనిషిని చూడాలి.

రోగి త్వరగా ఇంటికి వస్తే ఆసుపత్రి చేసే సేవ కూడా ఇంటికి వస్తుంది. గాయం చిన్నది గనుక జబ్బూ చిన్నదే అనుకుంటాం. స్టెంటు వేసిన తర్వాత ఇచ్చిన మాత్రలను డాక్టరు చెప్పకుండా ఆపితే స్టెంటులో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. మంచి సమరీయుడు దారిలో కట్టుకట్టి తన దారిన తాను పోలేదు. సత్రానికి చేర్చి, సొమ్ము చెల్లించి, మళ్లీ వస్తానని మాట ఇచ్చాడు. మన విచారణలో ఈ వారం ఆసుపత్రి నుంచి వచ్చినవారి ఇంటికి ఒక్కసారి వెళ్లండి. వేళకు మాత్రలు వేసుకుంటున్నారో లేదో అడగండి, మళ్లీ చూపించుకోవలసిన రోజున ఎవరు వెంట వెళ్తారో కనుక్కోండి. ఎవరూ లేకపోతే మీరే వెళ్లండి.