పదిహేడో అక్షాంశం మీద వాన

గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరం. ఆఫ్రికాలో నైజర్ నది వంపు దగ్గర టింబక్టూ. రెండూ భూమధ్యరేఖకు ఇంచుమించు 17 డిగ్రీల ఉత్తరాన ఉన్న ఊళ్ళే. మే 8 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి సూర్యుడు ఈ రెండింటికీ నడినెత్తి మీదికి వస్తాడు. రెండింటి పక్కనా పెద్ద నదే పారుతుంది. అయినా ఒకచోట ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటిన వాన, వరి చేలు, అరటి తోటలు. మరోచోట రెండు వందల మిల్లీమీటర్లు పడితే అదే భాగ్యం, ఊరు దాటితే ఇసుక. భూమధ్యరేఖకు ఇంచుమించు అంతే దూరం దక్షిణాన చిలీ దేశపు అరికా ఉంది. సముద్రపు ఒడ్డునే ఉన్నా అక్కడి ఏడాది సగటు వాన ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ తీరం వెంట హంబోల్ట్ ప్రవాహపు చల్లని నీళ్ళు సాగుతుంటాయి. వాటి మీది గాలి పైకి లేవలేదు, మేఘం ఎదగలేదు, పొగమంచు దగ్గరే ఆగిపోతుంది. అమెజాన్ వైపు నుంచి వచ్చే తేమను ఆండీస్ కొండలు ఇటు రానివ్వవు. ఒక్క సూర్యుడి కింద ఇన్ని రకాల ఆకాశాలు! తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మన వాన మన దగ్గర పుట్టదు. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారే, సరిగ్గా ఆ రోజుల్లో, వేల మైళ్ళ అవతల, మారిషస్, రీయూనియన్ దీవులకు దక్షిణాన చలికాలం. అక్కడ చల్లబడిన సముద్రం మీద గాలి బరువెక్కి కిందికి కుంగుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని మస్కరీన్ అధిక పీడనం అంటారు. మన నేల కాగిపోయి గాలి తేలికవుతుంటే, అక్కడి బరువు గాలి ఇటు బయలుదేరుతుంది. నేరుగా వద్దామన్నా భూమి రానివ్వదు. తన చుట్టూ తాను తిరిగే ఈ గోళం దక్షిణార్ధంలో దాన్ని ఎడమకు ఒరగదోస్తుంది, భూమధ్యరేఖ దాటగానే కుడికి తిప్పుతుంది. కెన్యా, ఇథియోపియా ఎత్తు నేలలు పడమటి వైపు అడ్డం నిలిచి ఆ మలుపులో గాలిని కూడగడతాయి. సోమాలియా తీరం చేరేసరికి, ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున, అది ఒక ఉరవడి అవుతుంది. 1960లలో ఫిండ్లేటర్ అనే వాతావరణ శాస్త్రవేత్త దాని జాడ పట్టుకున్నాడు. మన ఆరుద్ర వాన ఆఫ్రికా కొండలను ఒరుసుకుంటూ వస్తుందని తెలిశాక, ఆ ఖండం నాకు పరాయిదనిపించడం మానేసింది.

అరేబియా సముద్రం దాటుతూ ఆ గాలి తేమను తాగుతుంది. వేసవిలో మట్టికుండ పైన చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని ఎత్తుకుపోయినట్టే, సముద్రపు వేడి కూడా ఆవిరితో లేస్తుంది. గ్రాము ఆవిరి దాదాపు 580 కేలరీలు దాచుకుంటుంది. మేఘమై తిరిగి నీటిబొట్టుగా మారిన క్షణాన ఆ వేడినంతా వదిలేస్తుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద ఏర్పడిన వెలితిలోకి మరింత తేమ గాలి దూసుకొస్తుంది. వానే వానను పిలుచుకుంటుందన్నమాట! ఈ ఒక్క సంగతి కోసమైనా నీటిబొట్టుకు దండం పెట్టవచ్చు. ఉత్తరాన హిమాలయాలు పొడి చలిగాలిని అటే ఆపి, ఈ తేమను పలచబడకుండా కాపాడతాయి.

ఇక పడమటి కనుమలు. పదహారు వందల కిలోమీటర్ల పొడవున గాలికి ఎదురొడ్డి నిలిచిన కొండలు. ఎక్కక తప్పని గాలి చల్లబడి, మోసుకొచ్చినదంతా అక్కడే కుమ్మరిస్తుంది. మహాబలేశ్వరంలో ఏటా ఐదు వేల మిల్లీమీటర్లకు పైగా వాన. కొండ దిగి ముప్ఫై కిలోమీటర్లు తూర్పుకొచ్చి వాయి చేరితే వెయ్యి కూడా ఉండదు. ఆ వాననీడ దక్కను మీదుగా సాగి సాగి అనంతపురం మీద పడుతుంది. అక్కడ ఏడాదికి 550 మిల్లీమీటర్ల లెక్క, అదీ వేరుశనగ రైతు గుండె చిక్కబట్టుకుని చూస్తుంటే వచ్చీరాక వచ్చేది. ఆ కొండలను తిట్టుకోవాలనిపిస్తుంది. కానీ మన కృష్ణమ్మ పుట్టిల్లు ఆ మహాబలేశ్వరమే. తుంగ, భద్ర పుట్టింది ఆ కనుమల్లోనే. ఆకాశంలో ఆపిన నీటిని కొండలు నేలదారిన పంపాయి. తుంగభద్ర ఎగువ కాలువలో అనంతపురం జిల్లాకు చేరే నీళ్ళు మేఘంగా కొండ దాటలేని వానే.

పై ఆకాశంలో మరో నది ఉంది. 1950లలో తెలుగు శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం దాన్ని గుర్తించారు. రుతుపవన కాలంలో దక్షిణ భారతం మీద, దాదాపు పధ్నాలుగు కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమటికి మహావేగంతో వీచే గాలి. కింద వాన తెచ్చే గాలి పడమటి నుంచి వస్తుంటే, దాని నెత్తిమీద ఇది ఎదురు దిశలో ఆఫ్రికా దాకా పరుగెడుతుంది. భారత వాతావరణ శాఖకు అధిపతి కూడా అయిన ఆ పెద్దమనిషి పేరు మన పిల్లల పాఠాల్లో ఉండాలని నా కోరిక. 1996లో రాడ్‌వెల్, హాస్కిన్స్ అనే ఇద్దరు ఇంకొక ముడి విప్పారు. ఆసియా మీద రుతుపవన మేఘాలు కురిసి వదిలే వేడి ప్రభావంతో, పడమటన సహారా, మధ్యధరా ప్రాంతాల మీద గాలి కిందికి దిగుతుంది. దిగే గాలి వేడెక్కి ఆరిపోతుంది, వాన ఇవ్వదు. మన పచ్చదనానికీ ఆ ఎడారి పొడితనానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఉంటుందని ఎవరనుకుంటారు!

నెల్లూరుది వేరే పద్ధతి. నైరుతి గాలులు మిగతా ఊళ్ళను తడిపి వెనుదిరిగాక, ఆశ్వయుజ కార్తీకాల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. తెలంగాణ మీదికి పొడిగా వచ్చే ఆ గాలే బంగాళాఖాతం మీదుగా వస్తే తడిసి వచ్చి నెల్లూరు చెరువులు నింపుతుంది. మారినదల్లా గాలి నడిచిన దారి. అక్కడితోనూ ఆగదు. మన ముంగిళ్ళలో సంక్రాంతి ముగ్గులు వేసే వేళకు ఈశాన్యపు గాలులు భూమధ్యరేఖ దాటుతాయి. ఈసారి ఎడమకు ఒరిగి, దారిలో సముద్రపు తేమ ఎత్తుకుని, మడగాస్కర్ రైతుల వరి మళ్ళ మీద వానై దిగుతాయి.