ఆనవాలు చెప్పగలిగినవారిదే వస్తువు

పోయిన వస్తువు ఎక్కడో ఒకచోట ఉంటుంది. దాన్ని పోగొట్టుకున్నవారూ ఎక్కడో ఒకచోట ఉంటారు. ఆ ఇద్దరి మధ్య జాడ ఒక్కటే తెగుతుంది. అలా తెగినచోట మూడో మనిషి, అంటే ఆ వస్తువు దొరికినవాడు, వచ్చి నిలబడతాడు. ఇది ఎవరిదై ఉంటుంది, ఎలా జారిపోయి ఉంటుంది అని అతని మనసు కథ అల్లడం మొదలుపెడుతుంది. ఆ కథ అల్లే హక్కు అతనికి ఎంతవరకు ఉంది, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నను ధర్మశాస్త్రాలు, తర్కశాస్త్రం, హదీసులు, బౌద్ధుల వినయపిటకం అన్నీ పట్టించుకున్నాయి.

సికింద్రాబాద్‌లో ఈ ప్రశ్న రోజూ ఎదురయ్యే పేటల్లో చిలకలగూడ ఒకటి. 1874లో నిజాం రైల్వే కింద మొదలైన సికింద్రాబాద్ స్టేషన్ అక్కడికి కూతవేటు దూరం. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం రైల్ నిలయం కూడా దగ్గర్లోనే ఉంది. బండి ఖాళీ అయ్యాక బెర్తుల కింద గొడుగులు, చార్జర్లు, కళ్లజోళ్లు, పసిపిల్లల ఒంటి చెప్పులు మిగులుతాయి. మరిచిపోయిన సామాను సొంతదారులకు చేర్చే పనికి రైల్వే రక్షణ దళం ‘ఆపరేషన్ అమానత్’ అని పేరు పెట్టుకుంది. ఒకరు నమ్మి అప్పగించిన సొత్తును అమానతు అంటారు. మరిచిపోయినవారు ఎవరికీ ఏదీ అప్పగించలేదు. అయినా అప్పగించినట్టే భావించి కాపాడాలన్న ధర్మం ఆ పేరులో ఉంది.

బెర్తు కింద ఒక స్టీలు టిఫిన్ బాక్సు దొరికిందనుకుందాం. లోపల పులిహోర మిగిలి ఉంటే ఎవరో దూరప్రయాణం చేశారని, ఇంట్లో వండి కట్టిచ్చారని తోస్తుంది. మూత మీద చుక్కలతో పేరు చెక్కి ఉంటే ఇక కథ తేలిపోయినట్టే అనిపిస్తుంది. తెలుగిళ్లలో గిన్నెల మీద పేర్లు చెక్కించే అలవాటు తెలిసినవారు మాత్రం ఇక్కడ తొందరపడరు. పెళ్లికో గృహప్రవేశానికో చదివించిన గిన్నె మీద తరచుగా ఉండేది ఇచ్చినవారి పేరు. పక్కింటికి కూర పెట్టి పంపిన గిన్నె వెనక్కి రాకుండా అక్కడే ఉండిపోయి, వాళ్ల చుట్టాల వెంట ఊరు దాటి ఉండవచ్చు. పేరు ఒకరిది, వాడుక ఇంకొకరిది, పోగొట్టుకున్నది వేరొకరు. వస్తువు మీద అక్షరాలా రాసి ఉన్న సాక్ష్యమే ఇంత దారి తప్పించగలిగితే, చొక్కా మరకను బట్టీ చెప్పు అరుగుదలను బట్టీ అల్లే కథలను ఎంతవరకు నమ్మవచ్చు?

ఊహకు, నిర్ణయానికి మధ్య గీత గీయడం భారతీయ తర్కానికి కొత్త కాదు. బతికున్న దేవదత్తుడు ఇంట్లో లేడంటే బయట ఉన్నాడని తేల్చుకోవడాన్ని మీమాంసకులు అర్థాపత్తి అన్నారు, దాన్ని ప్రత్యేక ప్రమాణంగా ఒప్పుకున్నారు. అందులో తేలేది బయట ఉన్నాడన్నంత వరకే. సంతకు వెళ్లాడా, అలిగి వెళ్లాడా అన్నది అర్థాపత్తి చెప్పదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. ఆయన లెక్కలో ప్రమాణాలు నాలుగే: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. దొరికిన వస్తువు విషయంలో ఈ నాలుగో ప్రమాణమే కీలకం. చూసింది, ఊహించింది ఆగిపోయాక మిగిలేది నమ్మదగిన మనిషి మాట. ఆ మాట చెప్పవలసింది పోగొట్టుకున్నవారు.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ఈ మాటకే పరీక్ష పెడుతుంది. సొంతదారు తెలియని సొత్తును రాజు మూడేళ్లు కాపాడాలి. ‘ఇది నాది’ అంటూ వచ్చినవాడు దాని రూపం, సంఖ్య వంటివి చెప్పగలగాలి. ఎక్కడ, ఎప్పుడు పోయిందో, రంగు ఏమిటో, కొలత ఎంతో తెలియకుండా తనదన్నవాడు ఆ సొత్తు విలువకు సమానమైన జరిమానా కట్టాలి. కాపాడినందుకు రాజు ఆరోవంతో, పదోవంతో, పన్నెండోవంతో తీసుకోవచ్చు. యాజ్ఞవల్క్యస్మృతి మరింత దగ్గరి దృశ్యం చూపుతుంది: పోయిన సొత్తును సుంకాల అధికారులో స్థలం కాపలావారో తెచ్చి అప్పగిస్తే, సొంతదారు ఏడాదిలోపు తీసుకోవాలి. స్టేషన్ కాపలాకూ పోయిన సామానుకూ ఉన్న బంధం రైలు కంటే చాలా పాతదన్నమాట. ఈ స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు చాళుక్యుల కల్యాణిలో ఉన్నవాడు. ఆ గ్రంథాన్ని 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు చేశాడు. సొంతదనం అనేది శాస్త్రం చెబితేనే తెలిసేది కాదని, లోకవ్యవహారంలోనే ఉన్నదని మితాక్షర వాదం. అందుకే రుజువు కూడా లోకంలోంచే, అంటే వాడిన మనిషి జ్ఞాపకంలోంచే రావాలి.

దొరికిన సొత్తుకు హదీసుల్లో లుఖతా అని పేరు. బుఖారీ సంకలనంలో దానికి వేరే అధ్యాయమే ఉంది. దొరికిన డబ్బు సంచి గురించి అడిగిన మనిషికి ప్రవక్త ఇచ్చిన సమాధానం సూటిగా ఉంటుంది: సంచి ఎలాంటిదో, దాన్ని కట్టిన తాడు ఎలాంటిదో గుర్తుపెట్టుకోవాలి, ఏడాదిపాటు చాటింపు వేయాలి. తప్పిపోయిన గొర్రె ఎవరిదంటే దొరికినవాడిది, అతని సోదరుడిది, లేదంటే తోడేలుది. ఒంటెను మాత్రం ముట్టుకోవద్దన్నారు. దానికి కాళ్లున్నాయి, నీళ్లు తనలోనే ఉన్నాయి, యజమాని వచ్చేదాకా అది బతకగలదు. ఫిఖ్హ్, అంటే ఇస్లాం ధర్మశాస్త్ర పండితులు ఇక్కడొక జాగ్రత్త చెబుతారు. వస్తువు దొరికిందని చాటవచ్చు, ఆనవాళ్లు మాత్రం బయటపెట్టకూడదు. సంచి దొరికిందనాలే తప్ప ఎర్ర తాడు కట్టిన సంచి అనకూడదు. ఎర్ర తాడు సంగతి చెప్పడం పోగొట్టుకున్నవారి వంతు. దొరికినవాడికి కథ తెలిసినా పెదవి విప్పకపోవడమే ఇక్కడ ధర్మం.

ఆనవాలు పట్టడంలో మనిషికీ వస్తువుకూ మధ్య బంధం ఏ మేరకో కూడా బయటపడుతుంది. సీత జారవిడిచిన నగల మూటను సుగ్రీవుడు చూపినప్పుడు లక్ష్మణుడు గుర్తుపట్టింది కాలి అందెలను మాత్రమే. రోజూ పాదాలకు మొక్కినవాడికి తెలిసింది అంతవరకే. అంతకు మించి తెలుసని అతను అనలేదు. వాల్మీకి కిష్కింధాకాండలోని ఈ చిన్న ఘట్టాన్ని లక్ష్మణుడి శీలానికి రుజువుగా చెప్పుకోవడం వాడుక. అది మంచి సాక్షి ఎలా ఉండాలన్నదానికీ రుజువే.

ఈ ఓపిక లేకపోతే ఏమవుతుందో చెప్పే కథ వినాయక చవితినాడు తెలుగిళ్లలో చేతిలో అక్షింతలు పట్టుకుని వింటారు. సత్రాజిత్తు దగ్గరున్న శ్యమంతకమణిని ఉగ్రసేనుడికి ఇమ్మని కృష్ణుడు అడిగాడు, అతను ఇవ్వలేదు. తర్వాత ఆ మణి ధరించి వేటకు వెళ్లిన అతని సోదరుడు ప్రసేనుడు తిరిగి రాలేదు. ద్వారకలో కథ క్షణాల్లో తయారైంది: అడిగినవాడే చంపి కాజేశాడు. ఆ కథలో అతుకుబొతుకుల్లేవు, కారణం ఉంది, అవకాశం ఉంది, తప్పు మాత్రం మొదలంటా ఉంది. కృష్ణుడు దానికి మారుగా ఇంకో కథ చెప్పలేదు. ఊరివాళ్లను వెంటబెట్టుకుని అడవికి వెళ్లి జాడలు చూశాడు. ప్రసేనుడి శవం, గుర్రం కళేబరం, సింహం అడుగులు, చచ్చిన సింహం, ఎలుగు అడుగులు, గుహ, గుహలో పసిబిడ్డకు ఆటవస్తువైన మణి. భాగవతం ప్రకారం ఆ గుహలోని ఎలుగు జాంబవంతుడితో 28 రోజులు పోరాడి మణి తెచ్చి, సత్రాజిత్తును సభకు పిలిపించి, అది ఎలా దొరికిందో అందరి ముందూ చెప్పి ఇచ్చేశాడు. చవితి చంద్రుణ్ని చూస్తే నీలాపనిందలు వస్తాయన్న నమ్మకం దగ్గరే చాలామంది ఈ కథను ఆపేస్తారు. జాడ వెంట నడవడం ఒక పని, ఇంట్లో కూర్చుని కారణం కల్పించడం ఇంకో పని అని చూపడంలోనే దీని అసలు బరువుంది.

పోగొట్టుకున్నవారి మాట ఎప్పుడూ నిజమనీ కాదు. వినయపిటకంలో ఒక బ్రాహ్మణుడు అచిరవతీ నది ఒడ్డున 500 నాణేల సంచి మరిచిపోతాడు. ఒక భిక్షువు దాన్ని చూసి పిలిచి ఇస్తాడు. దొరికినవాడికి నూటికి అయిదు ఇవ్వడం అప్పటి ఆచారం. ఆ అయిదు ఎగ్గొట్టడానికి బ్రాహ్మణుడు తన సంచిలో వెయ్యి ఉండేవంటాడు. ఇలాంటి చిక్కుల వల్లే భిక్షువులు విలువైన వస్తువులు తీయకూడదన్న నియమం పుట్టింది. ఆరామంలో ఎవరైనా మరిచిపోతే మాత్రం తీసి భద్రం చేయాలి, సొంతదారు వచ్చి తీసుకుంటారన్న తలంపుతో. జైన సమంతభద్రుడి రత్నకరండక శ్రావకాచారం కూడా పెట్టిన సొత్తు, పడిపోయిన సొత్తు, మరిచిపోయిన సొత్తు అని విడదీసి, ఏదీ ముట్టవద్దంటుంది.

పోయినవి దొరికించే దేవతల సంగతి కొంచెం విచిత్రం. వస్తువు కనబడకపోతే తెలుగిళ్లలో పెద్దవాళ్లు కార్తవీర్యార్జునుణ్ని తలుచుకోమంటారు. అతని రాజ్యంలో ఎవరి సొత్తూ పోయేది కాదని విష్ణుపురాణం. ఆ వెయ్యి చేతుల రాజే జమదగ్ని ఆవును లాక్కుపోయి పరశురాముడి చేతిలో చచ్చాడు. కేథలిక్కులు ఇదే పనికి పదువా అంతోనివారిని వేడుకుంటారు. ఆయన కీర్తనల పుస్తకాన్ని మఠం విడిచిన ఒక శిష్యుడు పట్టుకుపోయి తిరిగి తెచ్చిచ్చాడని ఐతిహ్యం. రెండు గాథల్లోనూ పోవడం వెనక దొంగతనమే ఉంది. వస్తువు దానంతటదే జారిపోయిందని మనసు అంత తేలిగ్గా ఒప్పుకోదు కాబోలు.

దారిలో కనబడిన ప్రతిదీ పోయినది కాదు. అమావాస్యనాడు నాలుగు రోడ్ల కూడలిలో కోసి పడేసిన నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, పగిలిన గుమ్మడికాయ కనిపిస్తే జనం పక్కకు జరిగి నడుస్తారు. అది దిష్టి తీసి పారేసినది, అందులో రూపాయి బిళ్ల ఉన్నా ఎవరూ ముట్టరు. ఇక్కడ ఊహించిన కథే వస్తువుకు కాపలా. సికింద్రాబాద్ నుంచి వెళ్లే బండి గోదావరి వంతెన మీదికి రాగానే ప్రయాణికులు విసిరే నాణేలది వేరే లెక్క. ద్రవ్యం, దేవత, త్యాగం ఈ మూడూ కలిస్తే యాగమన్నది మీమాంసకుల మాట. ‘నాది కాదు’ అనుకున్న క్షణాన ఇచ్చినవారి హక్కు పోతుంది. మరి తాడుకు అయస్కాంతం కట్టి ఆ నాణేలు ఏరుకునే పిల్లలు ఎవరి సొమ్ము తీస్తున్నట్టు? పోగొట్టుకున్నవారంటూ లేరు కాబట్టి వెతికి ఇవ్వవలసినవారూ లేరు. గోదారమ్మ ఇచ్చిందని వాళ్లు అనుకుంటే కాదనడానికి శాస్త్రం దగ్గర గట్టి మాట లేదు.

దేవతే దొరికితే ప్రశ్న తిరగబడుతుంది. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి స్థలచరిత్ర ప్రకారం, కలరా తగ్గితే అమ్మవారిని నిలుపుతానని 1813లో ఉజ్జయినిలో మొక్కుకున్న సురిటి అప్పయ్య 1815లో కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడు. అక్కడి బావి బాగుచేస్తుంటే బయటపడిన విగ్రహమే మహంకాళి పక్కన కొలువైన మాణిక్యాలమ్మ. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధి సంగతి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం అంటుంది. భక్తుల లెక్కలో అమ్మవారు ఎవరికో దొరికిన సొత్తు కాదు, తానే వచ్చింది.

కోర్టుల చట్టం కూడా కథలతోనే మాట్లాడింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 403వ సెక్షన్ కింద చిన్న చిన్న ఉదాహరణలున్నాయి. దారిలో ఎవరిదో తెలియని రూపాయి తీసుకుంటే నేరం కాదు. ఉత్తరంలో నోటు దొరికి, ఆ ఉత్తరం వల్ల అది ఎవరిదో తెలిసీ ఉంచుకుంటే నేరం. విలువైన ఉంగరం దొరికితే సొంతదారు కోసం వెతకకుండా వెంటనే అమ్మినా నేరమే. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 314వ సెక్షన్. 1872 కాంట్రాక్టు చట్టం దొరికినవాడిని అప్పగింత పుచ్చుకున్నవాడితో సమానంగా చూస్తుంది. ఈ చట్టాల్లో ఊహకు ఉన్న పని ఒక్కటే, సొంతదారును చేరే దారి వెతకడం.

పోయిన ఫోన్ల దగ్గర ఆ పని ఇంకా చిన్నదైంది. వాటిని వెతికిపట్టడానికి 2023లో దేశమంతటా మొదలైన సీఈఐఆర్ వ్యవస్థలో 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యే ఆనవాలు. తాడు రంగు, సంచి అల్లిక ఇక అక్కర్లేదు. కానీ తాళం వేయని ఫోన్ దొరికినవాడికి ఫొటోలు, మెసేజిలు, బంధువుల పేర్లు అన్నీ అందుబాటులో ఉంటాయి. ‘అమ్మ’ అని ఉన్న నంబరుకు ఒక కాల్ చేయడం వెతకడం. గ్యాలరీ తిరగేయడం ఎవరిదో కథ చదవడం.

ఎవరూ రాకపోతే ఏం చేయాలన్నదానికి కూడా తలో లెక్క ఉంది. మనువు మూడేళ్లన్నాడు. కాంట్రాక్టు చట్టం ప్రకారం వెతికినా సొంతదారు దొరకనప్పుడు, వస్తువు పాడయ్యేలా ఉన్నా, కాపాడిన ఖర్చు విలువలో మూడింట రెండు వంతులకు చేరినా అమ్మవచ్చు. పోగొట్టుకున్నవాడు ఇక ఆశ వదులుకున్నాడా అన్నదే యూదుల ధర్మగ్రంథం మిష్నా వ్యాఖ్యాతలకు గీటురాయి. చెల్లాచెదురుగా పడిన నాణేలు దొరికినవాడివి, ఎందుకంటే వాటికి ఆనవాలు లేదు, ఆశా మిగలదు. సంచిలో ఉన్నవాటికి మాత్రం చాటింపు వేయాలి. హైదరాబాద్ ముస్లింలలో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయం ఇంకో మార్గం చెబుతుంది. చాటింపు గడువు తీరాక దొరికినవాడు స్తోమత గలవాడైతే, ఆ సొత్తును సొంతదారు తరఫున పేదలకు దానం చేయాలి. తర్వాత ఎప్పుడైనా సొంతదారు వస్తే ఎంపిక అతనిదే: ఆ దానాన్ని ఒప్పుకుని పుణ్యం తన ఖాతాలో వేసుకోవచ్చు, లేదా సొత్తు విలువ కట్టి ఇమ్మని అడగవచ్చు.