మ్రోగినది వెండి, లింగము కాదు

ఇష్టలింగము వీరశైవునకు అలంకారము కాదు, ప్రాణము. దీక్షాకాలమున గురువు కరతలమునందుంచిన లింగము తుదిశ్వాస వరకు అంగమును వీడరాదని ఆచారము. అట్లయిన విమానాశ్రయమున తనిఖీ ద్వారము కడ దానిని తీసి ట్రేలో ఉంచవచ్చునా?

విశాఖపట్టణమున ఒక వృద్ధమాత కలదనుకొందము. భర్త ఉక్కు కర్మాగారమున పనిచేసి విశ్రాంతి పొందినవాడు. పరదేశమందున్న కుమారుని చూచుటకు ఆమె మొదటిసారి విమానమెక్కబోవుచున్నది. మెడలో శివదారము, దానికి అత్తగారిచ్చిన వెండి లింగకాయ. ద్వారము దాటగానే యంత్రము కూయును. "అమ్మా, అది తీసి ట్రేలో పెట్టండి" అని భద్రతా ఉద్యోగిని పలుకును. మాత చేయి కాయపై బిగియును. తీసినచో ఆచారభంగము, తీయకున్న కుమారుని చూపు దక్కదు.

ముందుగా యంత్రమేల కూసినదో తెలిసికొనవలెను. ద్వారపు ప్రక్కలనుండు తీగచుట్టలు క్షణక్షణము మారు అయస్కాంత క్షేత్రమును పుట్టించును. దానిలోనికి లోహము వచ్చినచో అందు సుడివిద్యుత్తు జనించి ఆ క్షేత్రమును కలచును. వెండి అయస్కాంతమునకు అంటకున్నను విద్యుత్తును మిక్కిలిగా ప్రసరింపజేయును గనుక యంత్రమునకు పట్టుబడును. శిలామయమైన లింగమునకు ఆ గుణము లేదు. మ్రోగినది లింగము కాదు, దానికి తొడిగిన వెండి.

ఇందొక బోధ కలదు. 12వ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు ధనిక దరిద్ర భేదము లేక ప్రతి భక్తుని అరచేతికి దేవుని అందించెను. ఆ దేవునికి వెండితో పనిలేదు. భక్తితో చేయించిన కాయయందు దోషము లేదు; కాని కాయను లింగమని భ్రమించుట దోషము.

కావున ప్రయాణదినమున కాయను చేతిసంచిలో ఉంచి, లింగమును శుభ్రమైన వస్త్రమున చుట్టి శివదారముతో ధరింపవలెను. ద్వారమును చేరకమునుపే "ఇది మా ఇష్టలింగము, దేహమునుండి వేరు చేయరాదు" అని శాంతముగా తెలుపవలెను. స్త్రీలను తెరచాటున స్త్రీలే తనిఖీ చేయుదురు. విప్పి చూపుమన్నచో మాత తన అరచేతియందే ఉంచి చూపవలెను. కరతలమందున్న లింగము అంగమును వీడినది కాదు. నిత్యపూజలో దాని పీఠము అదియే కదా! తుది నిర్ణయము అధికారిదే. ఆతడు సందేహించినచో పై అధికారిని వినయముతో కోరవచ్చును గాని కోపింపరాదు.

ఏలన ఆ కావలియు కాయకమే. 1999 డిసెంబరులో ఖాట్మండునుండి వచ్చుచున్న విమానమును దుండగులు కాందహారుకు మరల్చిరి. పిదప 2000 సంవత్సరమునుండి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళము విమానాశ్రయముల రక్షణను చేపట్టసాగెను. విశాఖ ఉక్కు కర్మాగారమును కాచినదియు ఆ దళమే. మాత భర్త ఉద్యోగకాలమున ఏ కావలివారి యెదుట నిలిచెనో, ఆ దళమువారి యెదుటనే నేడామె నిలిచినది. ఆతడు కొలిమికడ చేసినది కాయకమైనచో, వీరు ద్వారముకడ చేయునదియు కాయకమే. తోటి ప్రయాణికుల ప్రాణములను కాచు పనిని అడ్డగించుట శరణధర్మము కాదు.

మాత పిడికిలి విప్పును. కాయ ట్రేలో సాగిపోవును. లింగము అరచేత నిలుచును. ఈ మారు యంత్రము కూయదు. విడువవలసినదానిని విడిచి, విడువరానిదానిని పట్టుకొనుటయే భక్తి.