తొలి మంచు, మూడు చీవరాలు



నవంబరు, డిసెంబరు వచ్చిందంటే మీ ఫోన్లకూ ఆ వీడియోలు వస్తూనే ఉంటాయి. చికాగోలోనో టొరంటోలోనో ఉన్న మన పిల్లలు కిటికీ దగ్గర నిలబడి "అమ్మా, ఫస్ట్ స్నో!" అని అరుస్తూ పంపిస్తారు. రాత్రి నల్లగా ఉన్న రోడ్డు పొద్దున లేచేసరికి తెల్లగా ఉంటుంది. కారు, చెత్తడబ్బా, ఎండుకొమ్మ అన్నీ ఒకే దుప్పటి కింద. చప్పుడు కూడా తగ్గిపోతుంది, ఎందుకంటే కొత్తగా పడ్డ మంచులో చిక్కుకున్న గాలి శబ్దాన్ని పీల్చేసుకుంటుంది. మనకేమో పొగమంచుకూ, గడ్డి మీది చుక్కకూ, దూదిలా రాలేదానికీ ఒకటే మాట. తెల్లారుజామున లంబసింగికి పరిగెత్తేవాళ్లు చూసొచ్చేది కూడా ఎక్కువగా పొగమంచే.

మురిసిపోవడం తప్పా? కాదు. బౌద్ధుడంటే అందం కనబడగానే మొహం తిప్పుకోవాలని కొందరంటారు. బుద్ధుడు అట్లా చెప్పలేదు. లోకంలో ఆస్వాదం ఉంది, ఉన్నదని తెలుసుకోమన్నాడు. అందులోనే ఆదీనవం, అంటే కీడు కూడా ఉంది, అదీ చూడమన్నాడు. ఆ తర్వాతే బయటపడే దారి.

ఆ తెలుపునే తీసుకోండి. మంచు స్ఫటికానికి రంగే లేదు. లెక్కలేనన్ని స్ఫటికాల అంచులు వెలుగును అన్ని వైపులా చెదరగొడితే మన కంటికి తెలుపైంది. ఒక ధూళి కణం, నీటి ఆవిరి, తగినంత చలి, ఇవన్నీ కుదిరితేనే ఆరు కోణాల స్ఫటికం. పటిచ్చ సముప్పాదం అని మనం వల్లించేది ఇదే గదా. మధ్యాహ్నం ఎండ కాస్తే అదే రోడ్డు మీద బురద.

మరి కీడెక్కడ? కిటికీకి ఇవతల హీటర్ ఉంది కాబట్టే అది అందం. మనాలి దారిలో తొలి మంచు పడితే టూరిస్టులు సెల్ఫీలు దిగుతారు. ఆ కొండదారుల్లో మంచు తీసేది జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు. వాళ్లకది ఇంకోలా కనబడుతుంది.

బుద్ధుడికి మంచు సంగతి తెలుసా అంటే, తెలుసు. మాఘం పోయి ఫాల్గుణం వచ్చే సందులోని ఎనిమిది రాత్రులను మంచు కురిసే కాలమని పాళీ గ్రంథాలు చెబుతాయి. ఒకసారి రాజగృహం నుంచి వైశాలికి వెళ్తుంటే, భిక్షువులు బట్టల మూటలు నెత్తినా భుజానా మోసుకుంటూ కనబడ్డారు. హద్దు పెట్టాలనుకున్నాడు. వెంటనే ఆజ్ఞ వేయలేదు. వైశాలిలో గౌతమక చైత్యం దగ్గర, అదే మంచు కాలంలో, ఒంటి మీద ఒకే చీవరంతో రాత్రంతా ఆరుబయట కూర్చున్నాడు. మొదటి జాము ముగిసేసరికి చలేసింది, రెండోది కప్పుకున్నాడు. నడిజాము ముగిసేసరికి మూడోది. తెల్లవారుతుంటే నాలుగోది. అప్పుడు నిర్ణయించాడు: రెండు పొరల సంఘాటి, ఒంటిపొర ఉత్తరాసంగం, ఒంటిపొర అంతరవాసకం. మూడు చీవరాలు, పొరలు లెక్కపెడితే నాలుగు.

ఇంకో మాట గమనించండి. ఆ కొలత మొండివాళ్లను చూసి పెట్టింది కాదు. చలికి ఓర్చలేని, సుఖంగా పెరిగిన భిక్షువు కూడా దీంతో గట్టెక్కగలడా అని ఆలోచించి పెట్టాడు.

ఆళవిలో హత్థకుడు అడిగిన ప్రశ్నను మన సభల్లో కొందరు అడ్డంగా వాడుతుంటారు. పశువుల గిట్టలు తొక్కి గట్టిపడ్డ నేల, పలచని ఆకుల పక్క, మంచు కాలం; బాగా నిద్రపట్టిందా అని అడిగితే, పట్టిందన్నాడు బుద్ధుడు. రాగద్వేషమోహాలు కాల్చేవాడికి మేడలోనైనా నిద్ర రాదన్నాడు. "చూశారా, లేనివాళ్లు నేల మీదే హాయిగా పడుకుంటారు" అని ఉపన్యాసకుడు చేతులు దులుపుకుంటాడు. ఆయన చెప్పింది తన నిద్ర గురించి. ఎదుటివాడి చలి దగ్గరికొచ్చేసరికి పొరలు లెక్కపెట్టాడు.

పెద్దాసుపత్రుల ముందు ఫుట్‌పాత్‌ల మీద రోగుల తాలూకు మనుషులు డిసెంబరులోనూ పడుకునే ఉంటారు. ఈసారి దుప్పట్లు పంచాలని మీ విహారంలో చందాలు వేసుకునేముందు, ఒకటి చాలా, రెండు కావాలా అని వాదించుకోకండి. ఇద్దరు ముగ్గురు వెళ్లి ఒక రాత్రి అక్కడే కూర్చోండి, తెల్లవారేదాకా.